నడిచక్రం బుట్ట పట్టాల్సిన రోజు

నెమలిగుట్ట మీద నుంచి దిగే గుమ్మిడివాగు మూడుచోట్ల దూకుతుంది. దూకిన ప్రతిచోటా ఒక చెక్క చక్రం. చక్రం తిరిగితే కరెంటు. కరెంటుంటే బొరియల్లో, పొదల్లో, చెట్టుతొర్రల్లో బల్బులు. పైన ఉన్నది పైచక్రం, మధ్యలోది నడిచక్రం, కింద మడుగు పక్కన ఉన్నది దిగువచక్రం. పేర్లు పెట్టడానికి అక్కడి జంతువులు పెద్దగా శ్రమపడలేదు.

దిగువచక్రం దగ్గర బాతు గవరమ్మ ఉండేది.

గవరమ్మకు బల్బు కావలసింది వెలుగు కోసం కాదు, వెచ్చదనం కోసం. గవరమ్మ ఇంటి బాతులకు పొదగడం చేతకాదు. ఓ గంట కూర్చుంటాయి, నీళ్ళు గుర్తొస్తాయి, లేచిపోతాయి. అమ్మకూ చేతకాలేదు, అమ్మమ్మకూ చేతకాలేదు. అందుకని గవరమ్మ గంపలో ఊక పోసి, ఊకలో గుడ్లు సర్ది, పైన బల్బు వేలాడదీస్తుంది. ఇరవై ఎనిమిది రోజులు ఆ బల్బు ఆరకూడదు. లోకాన్ని ఆమె అడిగేది అంతే.

పోయిన ఏడు ఆరింది. ఒక్క పూటే. తొమ్మిది గుడ్లు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

చక్రాల కథ కొంచెం చెప్పాలి. ఒక్కో చక్రాన్ని పదకొండు కుటుంబాలు కలిసి కట్టుకున్నాయి. ఇంటికొక నున్నటి రాయి. ఏ సంగతి తేల్చాలన్నా రాళ్ళు తెచ్చి గట్టున పెడతారు. ఎటు ఎక్కువుంటే అటు. నియమాలు రెండే. ఒకరి రాయి ఇంకొకరు తీసుకోవచ్చుగానీ, ఒక జీవికి ఒక చక్రంలోనే రాళ్ళుండాలి. రెండో చక్రం మీద చెయ్యివేస్తే మొదటిదీ పోతుంది. ఇక రెండోది, చక్రం కింద పూడిక తీసే రోజున రాయి ఉన్నవాళ్ళు బుట్ట పట్టుకుని బురదలోకి దిగాలి. ఒంట్లో బాగోకపోతే తప్ప కూలీని పెట్టి తీయించకూడదు. దిగనివాళ్ళ వాటా బురద ఎవరెత్తితే ఆ రాయి వాళ్ళది.

ఈ రెండూ చూసుకునేది తాబేలు తాత. తన వయసెంతో ఆయనకు గుర్తులేదు. నియమాలు మాత్రం అక్షరం తప్పవు.

పైచక్రం దగ్గర నక్క పైడయ్య కాపురం. ఒకప్పుడు కోళ్ళగూళ్ళ చుట్టూ తిరిగేవాడు. తర్వాత మానేశాడు.

"కోడిని తింటే ఒక పూట గడుస్తుంది," అనేవాడు. "అదే కోడి ఇంట్లో దీపం పెట్టామనుకో, ఆ కోడే నెలనెలా బుట్ట నింపుకుని మనింటికొస్తుంది. ఎందుకు తినడం?"

ముందు పైచక్రంలో ఇరుగుపొరుగు రాళ్ళు ఒక్కొక్కటే సంపాదించాడు. ముళ్ళపందికి పుట్టగొడుగులు, ఉడుముకు చెదలపుట్ట. ఆరు రాళ్ళయ్యాయి. పదకొండింట్లో ఆరంటే చక్రం అతని మాట వింటుంది. అక్కడితో ఆగితే మామూలు నక్క. పైడయ్య నడిచక్రం వైపు చూశాడు.

నడిచక్రం వాళ్ళను కూర్చోబెట్టి తీయగా చెప్పాడు. "ఏటేటా ఈ బురద మీకెందుకు? మీ రాళ్ళిచ్చెయ్యండి. రెండేళ్ళు దీపాలు ఉత్తినే. పూడికా గీడికా మేం చూసుకుంటాం."

"నీకు పైచక్రంలో ఉన్నాయి కదయ్యా. ఇక్కడెలా తీసుకుంటావ్?" అన్నాడు తాబేలు తాత.

"నేనా! నేనెందుకు తీసుకుంటాను తాతా? నాకొద్దు. పైచక్రం తీసుకుంటుంది."

"చక్రమా?"

"నియమం జీవులకు. చక్రం జీవి కాదు కదా. చక్రం రాళ్ళు తీసుకోకూడదని ఎక్కడైనా ఉందా?"

తాత కళ్ళు మూసుకుని నియమాలు రెండూ తలచుకున్నాడు. లేదు. కళ్ళు తెరిచి, "రాయి పుచ్చుకోవాలంటే చెయ్యి ఉండాలి మరి," అన్నాడు.

పైడయ్య అప్పటికే పైచక్రం రెక్క ఒకటి ఊడదీసి తెచ్చాడు. దానికి బంతిపూల దండ వేసి గట్టున నిలబెట్టాడు. "ఇదిగో, చక్రం చెయ్యి." ఆ చెక్క మీద ఆరు రాళ్ళు పెట్టారు. తాత ఒప్పుకున్నాడు. ఆయన చూసేది నియమాన్ని, మొహాల్ని కాదు.

ఆరునెలలకు నడిచక్రం రెక్కకు దండ పడింది. ఆ రెక్క దిగువచక్రంలో ఆరు రాళ్ళు పుచ్చుకుంది. నీటికుక్క కొర్లయ్యతో సహా ఆరు కుటుంబాలు ఇచ్చేశాయి. ఆరోజు గవరమ్మ గుడ్డు పెడుతూ ఉండిపోయి సమావేశానికి వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఆమే ఇచ్చేదేమో. బురదంటే ఎవరికిష్టం?

అలా చేతిలో ఉన్న ఆరు రాళ్ళతోనే మూడు చక్రాలూ పైడయ్య చెప్పినట్టు తిరగడం మొదలుపెట్టాయి. ఇంటి ముందున్న రేగుచెట్టుకు ఇరవై బల్బులు కట్టించాడు. "పైడయ్య వెలుగుల కుటుంబం" అని పలక రాయించాడు. మూడు చక్రాల నుంచి వచ్చే పళ్ళూ చేపలూ తేనే మూటగట్టి గుట్ట అవతల అడవిపందుల వాగుకు పంపడం మొదలుపెట్టాడు. అక్కడ నాలుగో చక్రం ఉంది.

దిగువచక్రం కింద మాత్రం రెండేళ్ళుగా ఎవరూ బుట్ట పట్టలేదు.

గవరమ్మ గంపలో ఈ ఏడు పదకొండు గుడ్లు. పదిహేడో రోజు పొద్దున బల్బు ఎర్రబడింది. పొయ్యిలో ఆరబోయే నిప్పులా ఉంది. గవరమ్మ రెక్కతో గుడ్లు తాకి చూసింది. వెచ్చగానే ఉన్నాయి, కానీ నిన్నటంత కాదు.

పక్కగూటి కోడి ఎర్నమ్మ వచ్చి తొంగిచూసింది. "నేనే కూర్చుందును వదినా. నా కింద పద్నాలుగున్నాయి. ఎక్కువసేపు లేచుంటే నా మొగుడే నన్ను లేపేసేట్టున్నాడు."

"కూర్చోవద్దులే. గంప మీద గోనె కప్పి ఉంచు. నేనొస్తాను."

"ఎక్కడికీ?"

"చక్రం దగ్గరికి."

దిగువచక్రం మూలుగుతూ తిరుగుతోంది. కిందిరెక్క తిరిగొచ్చినప్పుడల్లా బురదకు రాసుకుంటోంది. పక్కన పందిరి కింద కోతి గుమాస్తా కాళ్ళు చాపుకుని పేలు చూసుకుంటున్నాడు.

"గుమాస్తా బాబూ, చక్రం కింద మేట వేసింది. పూడిక తీయించరా?"

"తీయించచ్చు."

"ఎప్పుడు?"

"అది నేను చెప్పేది కాదమ్మా. ఇక్కడ ఆరు రాళ్ళు నడిచక్రానివి. నడిచక్రం చెప్పాలి."

"నడిచక్రం ఎలా చెబుతుంది?"

"వెళ్ళి అడుగు. నేను కింది ఉద్యోగిని."

గవరమ్మ గుట్ట ఎక్కింది. బాతు నడకకు గుట్టంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నడిచక్రం దగ్గర ఉడత గుమాస్తా ఉంది. వాలు మీద కాయలు దొర్లించుకుంటోంది.

"దిగువచక్రమా?" అంది ఉడత. "అది మాదే. కానీ మా చక్రం మాది కాదు. మా ఆరు రాళ్ళు పైచక్రానివి. పైన అడగాలి."

"మీ దీపాలు బాగున్నాయా?"

ఉడత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మొన్నటి నుంచి ఎర్రగా ఉన్నాయక్కా. చెప్పకు, చెప్పానని చెప్పకు."

పైచక్రం దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. పైడయ్య రేగుచెట్టు కింద పడుకుని కొత్త పలక మీద నాలుగో చక్రం బొమ్మ గీయిస్తున్నాడు. లేచి కూర్చున్నాడు. మర్యాదలో ఎప్పుడూ లోటు చేయడు.

"గవరమ్మక్కా! ఇంతదూరం నడిచొచ్చావా? మంచినీళ్ళు తాగు. పిల్లలు కులాసానా?"

"ఇంకా గుడ్లలో ఉన్నారు. బల్బు ఎర్రబడింది. దిగువచక్రం పూడిక తీయించండి."

"తప్పకుండా తీయించాల్సిందే. ఎవరిదో వాళ్ళు తీయించాలి."

"మీదే కదా."

"నాదా!" పైడయ్య చెవులు రెండూ నిలబడ్డాయి. "అక్కా, ఆ మాట అనకు. దిగువచక్రంలో నాకు ఒక్క రాయి కూడా లేదు. నడిచక్రంలో కూడా లేదు. కావాలంటే తాతనడుగు. నేను పైచక్రం వాణ్ణి. చిన్నవాణ్ణి."

"మరి దిగువచక్రం ఎవరిది?"

"నడిచక్రానిది."

"నడిచక్రం పూడిక తీస్తుందా?"

"చక్రం కదా అక్కా, దానికేం తెలుసు?" పైడయ్య నవ్వాడు. "చూడు, మనం పెరుగుతున్నాం. పందుల చక్రం కూడా చేతికొస్తే, అక్కడి వెలుగు ఇక్కడికి తెస్తాను. ఆరునెలలు ఓపికపట్టు."

"నాకు పదకొండు రోజులే ఉన్నాయి."

"బల్బుకు కాస్త దగ్గరగా జరుపు గంపని," అన్నాడు పైడయ్య, బొమ్మ వైపు తిరిగి.

గవరమ్మ మంచినీళ్ళు తాగలేదు. కిందికి దిగుతూ ఏడవలేదు కూడా. పైడయ్య చెప్పిన ముక్కనే తిప్పితిప్పి అనుకుంటూ దిగింది. ఒక్క రాయి కూడా లేదు. తాతనడుగు.

తాతనే అడిగింది. తాబేలు తాత మడుగు అంచున ఎండకు వీపు పెట్టి ఉన్నాడు.

"తాతా, పూడిక పిలుపు ఎవరివ్వాలి?"

"రాయి ఉన్నవాళ్ళు ఎవరైనా. పిలుపిచ్చినవాళ్ళే ముందు దిగాలి."

"ఒక్క రాయి ఉన్నా?"

"ఒక్కటున్నా." తాత ఒక కన్ను తెరిచాడు. "రెండేళ్ళయింది. ఎవరిస్తారా అని చూస్తున్నాను. ఎప్పుడూ కొర్లయ్య ఇచ్చేవాడు. వాడు రాయి వదిలేశాక మీలో ఎవరికీ పట్టలేదు."

గవరమ్మ తల దించుకుంది. నిజమే. బురద తప్పిందని సంతోషించినవాళ్ళలో తనూ ఉంది.

"రేపు పొద్దున ఇస్తాను," అంది.

దారిలో కొర్లయ్య ఇంటి ముందు ఆగింది. ఆ నీటికుక్క ఇంట్లోనూ బల్బు గుడ్డిగానే ఉంది.

"రేపు బుట్టతో రా అన్నయ్యా."

"నాకు రాయేదమ్మా?" అన్నాడు కొర్లయ్య. "ఉత్తినే దీపం అన్నాడు, ఇచ్చేశాను. రెండేళ్ళూ అయిపోయాయి. ఇప్పుడు నెలకో బుట్టెడు చేపలు మోస్తున్నాను."

"బుట్ట ఎలాగూ మోస్తున్నావు. రేపు బురద మొయ్యి."

కొర్లయ్య ఆమె మొహం చూశాడు. మూలనున్న చేపల బుట్ట తీసి దులిపాడు.

మర్నాడు సూర్యుడు గుట్ట దాటగానే గట్టున వేలాడదీసిన పిలుపు పలక మోగింది. పిలుపు అంటే గుట్టంతటికీ వినబడాలి. వినబడింది. దిగువచక్రంలో రాళ్ళు మిగిలిన అయిదు ఇళ్ళ వాళ్ళూ బుట్టలతో వచ్చారు. రాళ్ళు ఇచ్చేసిన ఆరిళ్ళ వాళ్ళు గట్టున నిలబడ్డారు. నడిచక్రం వాళ్ళు ఊరికే చూసిపోదామని దిగారు. గవరమ్మ అందరికంటే ముందు బురదలోకి దిగింది.

చివర్లో పైడయ్య వచ్చాడు. వెనక కోతి గుమాస్తా, ఆ వెనక ఆరు పందికొక్కులు, చేతుల్లో కొత్త బుట్టలు.

"శుభం! మంచిపని!" అన్నాడు పైడయ్య. "నడిచక్రం తరఫున కూలీల్ని తెచ్చాను. దిగండ్రా."

"ఆగండి," అన్నాడు తాబేలు తాత. పందికొక్కులు ఒక కాలు ఎత్తి ఆగిపోయాయి. "రాయి ఎవరిదో వాళ్ళే దిగాలి. ఒంట్లో బాగోకపోతేనే కూలీ."

"అదే తాతా. నడిచక్రానికి ఒంట్లో బాగోలేదు."

"ఏం జబ్బు?"

పైడయ్య తడుముకున్నాడు. ఉడత వెనక నుంచి అనేసింది. "పొద్దున తిరుగుతూనే ఉంది తాతా. నిక్షేపంగా ఉంది."

గట్టంతా నవ్వింది. కోతి గుమాస్తా కూడా నవ్వి, యజమానిని చూసి దగ్గాడు.

"సరే, నేనే దిగుతాను!" పైడయ్య తోక బిగించి ఒక బుట్ట లాక్కున్నాడు. "నాకేం బురదంటే భయమా?"

అప్పుడు గవరమ్మ తలెత్తింది. మెడదాకా బురద. "ఆ ఆరు రాళ్ళూ మీవేనా పైడయ్య గారూ?"

పైడయ్య కాలు గట్టు అంచున ఆగింది.

నావే అంటే రెండో చక్రం మీద చెయ్యి వేసినట్టు. పైచక్రంతో సహా అంతా పోతుంది. నావి కావంటే దిగే హక్కు లేదు. బుట్ట పట్టుకుని అటు చూశాడు, ఇటు చూశాడు.

"నావి... కావు," అన్నాడు చివరికి. "నిన్ననే చెప్పాను కదక్కా. నడిచక్రానివి."

"అయితే నడిచక్రాన్నే రమ్మనండి."

"చక్రం ఎలా వస్తుందమ్మా? మతుండే మాట్లాడుతున్నావా?"

"రాళ్ళు పుచ్చుకోవడానికి వచ్చింది," అంది గవరమ్మ. "దండ వేసుకుని మరీ వచ్చింది."

అంతే అని మళ్ళీ బురద ఎత్తడం మొదలుపెట్టింది.

గట్టు మీద ఎవరూ నవ్వలేదు ఈసారి. తాబేలు తాత కళ్ళు మూసుకున్నాడు. నియమాలు రెండూ తలచుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆ మొహంలో, రెండేళ్ళుగా కడుపులో పెట్టుకున్నదేదో దిగిపోయినట్టుంది.

"పుచ్చుకున్న చెయ్యి పందిట్లోనే ఉంది కదా. తీసుకురా గుమాస్తా."

కోతి వెళ్ళి నడిచక్రం రెక్కను తెచ్చాడు. మెడలో ఎండిపోయిన దండ అలాగే ఉంది. దాన్ని బురదలో నిలబెట్టారు. పక్కన బుట్ట పెట్టారు.

"నడిచక్రమా, నీ వాటా ఎత్తు," అన్నాడు తాత.

అందరూ చూశారు. రెక్క కాసేపు నిటారుగా ఉంది. తర్వాత నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి బురదలో పడుకుంది.

"ఇది అన్యాయం!" అన్నాడు పైడయ్య. "అది చెక్క!"

"ఆరోజు చెయ్యి అన్నావు," అన్నాడు తాత. "నేను ఒప్పుకున్నాను. ఇవాళ కూడా చెయ్యే అంటున్నాను. ఎత్తలేదు. ఆ ఆరు వాటాలూ ఎవరైనా ఎత్తచ్చు."

తాత మాట ఇంకా పూర్తికాలేదు, నీటికుక్క కొర్లయ్య బురదలోకి దూకాడు. వెనకే రాళ్ళిచ్చేసిన మిగతా అయిదిళ్ళ వాళ్ళూ దూకారు. బుట్టలు చాలకపోతే ఎర్నమ్మ మొగుడు కోడిపుంజు తన ధాన్యం గంప బోర్లించి ఇచ్చాడు. పందికొక్కులు కాసేపు చూసి, ఉన్న కొత్తబుట్టలు కూడా ఇచ్చేశాయి. "మాకు కూలెవరిస్తారు?" అని ఒకటి అడిగింది. "నడిచక్రం," అంది ఇంకొకటి.

మధ్యాహ్నానికి చక్రం కింద జానెడు నీళ్ళు తేరాయి. కిందిరెక్క బురదకు తగలకుండా తిరిగింది. తర్వాత ఇంకా వేగంగా. గవరమ్మ ఒళ్ళు కడుక్కోకుండానే గూటికి పరుగెత్తింది.

ఎర్నమ్మ ఎదురొచ్చింది. "తెల్లబడింది వదినా! కళ్ళు జిగేల్‌మంటున్నాయి!"

గవరమ్మ గోనె తీసి, గుడ్లను ఒక్కొక్కటే చెంపకు ఆనించుకుంది. పదకొండో గుడ్డు దగ్గర ఆగింది. లోపల ఏదో కదిలింది. అప్పుడు ఏడ్చింది.

నడిచక్రం వాళ్ళు చూసిపోదామని వచ్చినవాళ్ళు కదా, ఆ సాయంత్రం తమ గట్టున పలక మోగించారు. రేపు పూడిక అన్నారు. మర్నాడు పైచక్రం రెక్కకు బుట్ట ఇచ్చి చూశారు. అదీ పడుకుంది. ఆ ఆరు రాళ్ళు కూడా ఎవరివి వాళ్ళ ఇళ్ళకు చేరాయి. మూడోరోజు అడవిపందులు కబురు పెట్టాయి, మా చక్రం మేమే చూసుకుంటాం, పంపిన తేనె బాగుంది అని.

ఇరవై ఎనిమిదో రోజు గవరమ్మ గంపలో పది పిల్లలు లేచాయి. ఒక గుడ్డు లేవలేదు. ఆమె దాన్ని గన్నేరు మొదట్లో పూడ్చి, పదిమందినీ వెంటబెట్టుకుని మడుగులోకి దిగింది. పిల్లల గోలలో కాసేపటికి ఆమె గొంతూ కలిసింది. అంత గట్టిగా ఆమె గొంతు విని ఏడాది దాటిందని ఎర్నమ్మ మొగుడితో అంది.

ఇక పైచక్రం. అక్కడ ఆరు రాళ్ళు పైడయ్యవే, సందేహం లేదు. ఎవరూ వాటిని లాక్కోలేదు. ముళ్ళపంది పలక మోగించింది, అంతే. ఒక్కో రాయికి ఒక్కో వాటా. ఆరు వాటాల బురద నక్క ఒక్కడే ఎత్తాలి, స్వయంగా. ఎత్తకపోతే రాళ్ళు పోతాయి.

మూడు రోజులు ఎత్తాడు. కోతి గుమాస్తా గట్టు మీద కూర్చుని జాలిగా చూశాడు.

"అయ్యా, ఒంట్లో బాగోలేదని చెప్పనా?"

"చెప్పు," అన్నాడు పైడయ్య, నడుం పట్టుకుని. "ఈసారి నిజమే."

"ఏం జబ్బు?" అన్నాడు తాబేలు తాత గట్టు మీది నుంచి.

పైడయ్య వంగి ఇంకో బుట్ట ఎత్తాడు.

నీతి: పని దగ్గరికి వచ్చేసరికి చేతుల్లేవనే యజమానిని, పుచ్చుకునే రోజునే చేతులు చూపించమనాలి.